బెళుగుప్ప: వాన లెక్కల నేల మీద ఒక ఊరి ఆనవాళ్ళు

చెరువు మరవ నుంచి గాలిమర దాకా, ఒక మండల కేంద్రాన్ని దాని గుర్తుల ద్వారా చదివే ప్రయత్నం

అనంతపురం జిల్లా పడమటి భాగంలో, ఉత్తరాన ఉరవకొండకూ దక్షిణాన కళ్యాణదుర్గానికీ నడుమ, కర్ణాటక సరిహద్దుకు ఎంతో దూరం కాని చోట ఉన్న బెళుగుప్ప పర్యాటకుల పటాల్లో కనిపించే ఊరు కాదు. తాడిపత్రి ఆలయ శిల్పాలకూ గుత్తి కోటకూ వచ్చేవారు ఈ దారి పట్టరు. పెన్నహోబిలం నరసింహస్వామి దర్శనానికి వచ్చే భక్తులు కూడా సాధారణంగా ఇటు రారు. పాఠ్యపుస్తకాలకెక్కిన కోట గానీ, పేరుమోసిన గోపురం గానీ లేని ఇటువంటి ఊరికి చూడదగిన స్థలాలు ఉంటాయా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే, చూడదగినది అనే మాటను రాజుల కట్టడాలకే కట్టబెట్టే అలవాటును కొంతసేపు పక్కన పెట్టవలసి ఉంటుంది.

ఈ అలవాటును చాలాకాలం కిందటే వదిలించుకున్న దేశాల్లో ఇంగ్లండు ఒకటి. అక్కడి చిన్న పల్లెకు సైతం ఒక చర్చి, ఒక పచ్చిక మైదానం, ఒక పానశాల, యుద్ధంలో మరణించిన ఊరివారి పేర్లు చెక్కిన ఒక స్మారక శిల ఊరి గుర్తులుగా ఉంటాయి; వాటి గురించి లిఖిత సమాచారం కూడా ఉంటుంది. 1086లో పూర్తయిన డూమ్స్‌డే గ్రంథం, అంటే విజేతగా వచ్చిన నార్మన్ రాజు పన్నుల కోసం రాయించిన భూముల చిట్టా, 13 వేలకు పైగా ఊళ్ళను పేరుపేరునా నమోదు చేసింది. 1538 నుంచి ప్రతి చర్చిలోనూ జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, అంత్యక్రియల పుస్తకం ఉండాలన్న నియమం వచ్చింది. 1899లో మొదలైన విక్టోరియా కౌంటీ చరిత్ర అనే మహాప్రణాళిక జిల్లాల వారీగా ఊరూరి చరిత్రనూ రాయడానికి పూనుకుని నేటికీ నడుస్తూనే ఉంది. 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం తర్వాత పాత మైలురాళ్ళు, నీటిపంపులు, ఎర్రటి టెలిఫోను గూళ్ళు కూడా రక్షిత కట్టడాల జాబితాకెక్కాయి. అక్కడి పల్లెలకు వచ్చిన పేరులో వాటి అందానికి ఎంత పాత్ర ఉందో, ఈ రాతకోతలకూ అంత పాత్ర ఉంది.

బెళుగుప్పను అదే కన్నుతో చూసినప్పుడు అక్కడి ప్రతి ముఖ్యమైన గుర్తు వెనుకా ఒకే సంగతి కనిపిస్తుంది. వాననీటిని నిలపడానికో, పంచుకోవడానికో, కొలవడానికో, ఎక్కడినుంచో తెచ్చుకోవడానికో, అది రాని ఏడు బతుకు గడుపుకోవడానికో ఆ గుర్తు పుట్టి ఉంటుంది.

నేల, పాలన

బెళుగుప్ప కళ్యాణదుర్గం రెవెన్యూ డివిజనులో మండల కేంద్రం. శాసనసభకు ఉరవకొండ నియోజకవర్గంలో చేరుతుంది. కాలువపల్లి, తగ్గుపర్తి, శీర్పి, ఆవులెన్న, దుద్దేకుంట, గంగవరం, శ్రీరంగాపురం, జీడిపల్లి, ఎర్రగుడి వంటి గ్రామాలు ఈ మండలంలోనివి. అశోకుడి శిలాశాసనాలు దొరికిన ఎర్రగుడి కర్నూలు జిల్లాలో జొన్నగిరి దాపున ఉన్న వేరే ఊరు కనుక ఆ రెంటినీ కలిపి చూడరాదు.

మండలానికి తూర్పు వైపున పెన్నానది సాగుతుంది. సాగుతుందన్న మాట ఇక్కడ ఏడాదిలో కొద్ది రోజులకే వర్తిస్తుంది. మిగతా కాలమంతా అది ఇసుక పరుపు. నేల అడుగున ఉన్నది గ్రానైటు, నైసు అనే అతి ప్రాచీన కఠిన శిల. ఈ రాయికి నీటిని పీల్చుకునే గుణం లేనందువల్ల భూగర్భజలం రాతి పగుళ్ళలోనూ, రాయి శిథిలమై ఏర్పడిన పైపొరలోనూ మాత్రమే నిలుస్తుంది. పైన ఎక్కువచోట్ల పలుచని ఎర్రనేల, కొన్నిచోట్ల నల్లరేగడి పరుచుకుని ఉంటాయి. ఎర్రనేలలో వానాకాలపు వేరుశనగ, కంది, ఆముదం పండితే, రేగడిలో అక్టోబరు వానల పదును మీద, శీతాకాలపు మంచు మీద పప్పుశనగ పండుతుంది. పదును అంటే విత్తనం మొలవడానికీ, నాగలి దిగడానికీ సరిపడే నేల తేమ. రైతు నోట రోజూ వినిపించే ఈ మాటకు వ్యవసాయ శాస్త్రంలో ఉన్నంత విలువ ఇక్కడి ఇంటి లెక్కల్లోనూ ఉంది.

మనుషులు ఈ పీఠభూమి మీద పశువులను మేపడం కొత్త రాతియుగం నాటికే మొదలైంది. పాత కళ్యాణదుర్గం తాలూకాలోని పాలవాయిలో పురావస్తు శాస్త్రవేత్త వి.రామిరెడ్డి జరిపిన తవ్వకాల్లో బూడిదదిబ్బ బయటపడింది. పశువుల దొడ్లలో పేరుకున్న పేడను పదేపదే కాల్చగా ఏర్పడిన ఇటువంటి దిబ్బలు బళ్ళారి, అనంతపురం ప్రాంతాల్లో అనేకం ఉన్నాయి. పంట నమ్మకం లేని నేల మీద మంద ఆధారంగా బతకడమనే పద్ధతి ఇక్కడ వేల ఏళ్ళ నాటిదని ఆ బూడిద చెబుతుంది. గొర్రెల మందలు నేటికీ ఈ మండలంలో కరువుకు తట్టుకునే ఆస్తులే.

విజయనగర పతనం తర్వాత పాలెగాళ్ళ చేతుల్లోనూ, ఆ తర్వాత మైసూరు పాలనలోనూ ఉండి, ఆపై నిజాం చేతికి వచ్చిన ఈ భూభాగాన్ని 1800లో అతడు ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. అలా వచ్చినవే దత్త మండలాలు. 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, పొలం పొలాన్నీ కొలిపించి రైతు నుంచే నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతికి ఈ నేలలోనే రూపం దిద్దాడు. బళ్ళారి జిల్లా నుంచి 1882లో అనంతపురం జిల్లా విడివడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడంతో బెళుగుప్పకు కచేరీలు వచ్చాయి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు ఈ మండలం పాత జిల్లాలోనే ఉండిపోయింది.

చెరువు, తూము, మరవ

అనంతపురం ఊళ్ళ పాత గుర్తుల్లో మొదటిది చెరువు. ఏటవాలు నేల మీద ప్రవహించే వంకకు అడ్డంగా మట్టికట్ట వేసి, లోపలి వైపు రాతి పరుపు పరిచి, నీటిని నిలపడం దాని మూలసూత్రం. ఈ నిర్మాణంలో మూడు భాగాలను దగ్గరగా చూడవలసి ఉంటుంది. మొదటిది కట్ట. రెండోది తూము, అంటే నీటిని పొలాలకు వదిలే ద్వారం. పాత పద్ధతి తూములో రెండు నిలువు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డరాళ్ళు, ఆ రాళ్ళకు తొలిచిన రంధ్రాల గుండా కిందికి దిగే పొడవాటి కర్ర ఉంటాయి. కర్రను పైకి లాగితే అడుగున బిరడా తెరుచుకుని నీరు కాలువలో పడుతుంది. మూడోది మరవ. చెరువు నిండాక మిగులు నీరు కట్టను తెంచకుండా పొర్లిపోవడానికి కట్టిన రాతి అలుగును రాయలసీమలో మరవ అంటారు. ‘చెరువు మరవ పారింది’ అన్న వార్త ఇక్కడి ఊళ్ళలో ఎన్నికల ఫలితమంత పెద్దది. ఆ రోజు గంగమ్మకు పూజ చేసి, చీర, సారె నీటికి సమర్పించే ఆచారం చాలా ఊళ్ళలో ఉంది.

ఈ విద్యకు శాస్త్రం కూడా ఉండేది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గరి 1369 నాటి సంస్కృత శాసనం, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించిన వైనాన్ని చెబుతూ, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, రాకూడని ఆరు దోషాలనూ వరుసగా పేర్కొంటుంది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేయగా రెండేళ్ళకు పని ముగిసిందని కూడా అందులో ఉంది. బెళుగుప్ప వంటి ఊళ్ళ చిన్న చెరువులకు అటువంటి శాసనాలు లేకపోయినా, వాటి నిర్మాణం, నిర్వహణ ఆ సంప్రదాయంలోనివే. తూము తెరవడం, మడిమడికీ వంతు ప్రకారం నీరు కట్టడం నీరుగట్టి అనే గ్రామ సేవకుడి పని. అతనికి కళ్ళం దగ్గర పంటలో ఇంత అని మేర ముట్టేది. బోర్లు వచ్చి ఎవరి నీరు వారిదయ్యాక నీరుగట్టి పని అరుదైపోయింది. పూడిక పెరిగింది, వంకల మీద అడ్డుకట్టలు పెరిగాయి, చెరువుకు చేరే నీరు తగ్గింది.

రచ్చకట్ట, గుడి, పీర్ల చావిడి, రెండు బావులు

ఊరి నడిబొడ్డున వేప, రావి చెట్ల చుట్టూ రాతిబండలతో కట్టిన అరుగు రచ్చకట్ట. ఇంగ్లండు పల్లెలో పచ్చిక మైదానం, పానశాల కలిసి చేసే పని ఇక్కడ ఈ ఒక్క అరుగు చేస్తుంది. పంచాయితీలు, వాన కబుర్లు, బుడ్డల ధరలు, కూలి మేస్త్రీల బేరాలు అన్నీ అక్కడే సాగుతాయి. వేరుశనగ కాయలను ఈ ప్రాంతంలో బుడ్డలనే పిలుస్తారు.

ఊరి వాకిట ఆంజనేయుడు ఉండడం ఈ సీమ ఊళ్ళకు పరిపాటి. విజయనగర రాజగురువు వ్యాసరాయలు (మరణం 1539) 732 ఆంజనేయ విగ్రహాలను ప్రతిష్ఠించాడని సంప్రదాయం. గుంతకల్లు దగ్గరి కసాపురం నెట్టికంటి ఆంజనేయుణ్ణి ఆయన ప్రతిష్ఠగానే చెప్పుకుంటారు. ఊరి పొలిమేరలో సుంకులమ్మ, మారెమ్మ, పెద్దమ్మ వంటి దేవతల చిన్న గుళ్ళు ఉంటాయి. వాటిలో చాలావరకు నాలుగు బండలు నిలిపి మీద ఒక బండ కప్పినవే.

రాయలసీమ ఊళ్ళలో తరచూ కనిపించే మరో గుర్తు పీర్ల చావిడి. కర్బలా యుద్ధంలో అమరులైన ప్రవక్త మనుమడు హుస్సేనును, అతని బంధువులను స్మరించే మొహర్రం నెలలో, వారి గుర్తులుగా నిలిపే లోహపు హస్తాలనూ ఫలకాలనూ పీర్లు అంటారు. రంగురంగుల పట్టుబట్టలు, పూలదండలు చుట్టిన పీర్లను భుజాన ఎత్తుకునేవారిలోనూ, అగ్నిగుండం తొక్కేవారిలోనూ, చక్కెర చదివింపులు ఇచ్చేవారిలోనూ హిందువులే ఎక్కువగా ఉండే ఊళ్ళు ఈ జిల్లాలో కోకొల్లలు. నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామి ఉత్సవానికి కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. వాన కోసం మొక్కు చెల్లించేవారికి గుడికీ చావిడికీ మధ్య పెద్ద తేడా కనిపించదు.

అయితే ఊరి గుర్తులన్నీ అందరివీ కావు. ఊరబావి ఒకటి, దళితవాడ బావి మరొకటి అన్న విభజన ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం చెక్కుచెదరలేదు. ఎండాకాలంలో ఊరబావిలోనే నీరుండి, వాడ బావి ఎండినప్పుడు, ఎవరైనా చేదిపోస్తే తప్ప కడవ నిండని స్థితి ఉండేది. కరువు అందరికీ ఒకటే అనే మాట ఇక్కడ నిజం కాదు. అనంతపురం జిల్లా దళితుల భూమి, ఉద్యోగం, అవమానాలను చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ నవలలో రాశారు. పంటను నమ్ముకున్న రైతు స్థితిని సింగమనేని నారాయణ ‘జూదం’ అన్న కథగా మలిచారు. ఊరి గుర్తుల జాబితా రాసేవారు రాతికట్టడాలతో ఆగిపోతే, రెండో బావి ఆ జాబితాకు ఎప్పటికీ ఎక్కదు.

వానను కొలిచే గరాటు

ప్రతి మండల కేంద్రంలోనూ తహశీల్దారు కార్యాలయం ఆవరణలో ఉండే చిన్న పరికరం ఒకటి ఎవరి కంటా పడదు, కానీ మండలంలోని ప్రతి రైతు అప్పూ దానితో ముడిపడి ఉంటుంది. అది వర్షమాపకం. నేల మట్టానికి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున అంచు ఉండేలా, చెట్లకూ గోడలకూ దూరంగా నిలిపిన ఒక గరాటు, దాని కింద నీరు చేరే సీసా, ఆ నీటిని పోసి చూసే గీతల గాజు కొలపాత్ర: పాత పరికరమంతా ఇంతే. ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి, గడచిన 24 గంటల వానగా నమోదు చేస్తారు. రెండున్నర మిల్లీమీటర్లు, అంతకు పైన పడితేనే దాన్ని వాన పడిన రోజుగా లెక్కిస్తారు. ఇప్పుడు స్వయంచాలక కేంద్రాలు వచ్చి గంటగంటకూ లెక్కలు పంపుతున్నాయి.

భారతదేశంలో దీర్ఘకాలం వాడుకలో ఉన్న ఈ గరాటు పరికరానికి సైమన్స్ వర్షమాపకం అని పేరు. దాని వెనుక ఉన్న జార్జ్ సైమన్స్ 1860లో బ్రిటనులో 168 కేంద్రాలతో వాన కొలిచే సంస్థను మొదలుపెట్టాడు. చర్చి గురువులు, బడిపంతుళ్ళు, తోటమాలులు జీతం లేకుండా రోజూ కొలిచి పంపగా, 1900లో ఆయన మరణించే నాటికి కేంద్రాల సంఖ్య మూడు వేలు దాటింది. ఎక్కువ వానతో విసిగే ఇంగ్లండు పల్లెల్లో ప్రచారానికి వచ్చిన పరికరం, వాన కోసం ఎదురుచూసే బెళుగుప్ప వంటి చోట్ల ప్రభుత్వ నిర్ణయాలకు ఆధారమైంది.

ఆ లెక్కలు చెప్పేది ఇది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో దాదాపు 340 మిల్లీమీటర్లు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి ఋతుపవనాల వల్ల, 155 మిల్లీమీటర్ల దాకా ఆ తర్వాతి ఈశాన్య ఋతుపవనాల వల్ల వస్తాయి. పడమటి కనుమలు నైరుతి మేఘాల తేమను ముందే పిండుకుంటాయి. తూర్పు తీరం నుంచి దూరం ఎక్కువైనందువల్ల ఈశాన్య వానలు ఇక్కడికి వచ్చేసరికి నీరసిస్తాయి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు కాబట్టి, 550 మిల్లీమీటర్లు ఎకరాకు 22 లక్షల లీటర్లవుతుంది. చూడబోతే ఇది చిన్న మొత్తమేమీ కాదు. వచ్చిన చిక్కు అది పడే తీరుతో ఉంది. జూన్‌లో ఒక పదును వాన పడి, విత్తనం వేశాక నలభై రోజులు మబ్బు ముఖం చాటేసి, కోతల వేళకు కుండపోతగా కురిసినా సగటు మాత్రం సగటుగానే ఉంటుంది.

వేరుశనగ జీవితచక్రం ఈ అస్థిరతకు ఎలా చిక్కుతుందో గమనించదగినది. విత్తిన నెల లోపే పూత మొదలవుతుంది. ఫలదీకరణ తర్వాత పువ్వు అడుగు నుంచి ఊడ అనే సన్నని కాడ దిగి నేలలోకి చొచ్చుకుపోతుంది. ఆ ఊడ కొనే కాయగా మారుతుంది. నేల గట్టిబడితే ఊడ దిగదు, దిగకపోతే కాయ లేదు. నాలుగు నెలలకు అటూఇటూగా ఉండే పంటలో రెండు, మూడు వారాల బెట్ట, అంటే వానల మధ్య పొడి విరామం, ఈ దశలో వస్తే చేను పచ్చగానే ఉండి కాపు మాత్రం లేకుండా పోతుంది. కదిరి పరిశోధన స్థానం విడుదల చేసిన కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు బెట్టను మెరుగ్గా తట్టుకున్నా, బెట్టను రద్దు చేసే విత్తనం ఏదీ లేదు. కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ కలిసి పండే పాత పద్ధతి పోయి, ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో నూనెగింజల ధరను నమ్మి జిల్లా అంతటా వేరుశనగ ఒక్కటే పరుచుకోవడంతో నష్టం వచ్చిన ఏడు అన్ని ఇళ్ళకూ ఒకేసారి రావడం మొదలైంది. కరువు మండలాల ప్రకటన, వాతావరణ ఆధారిత పంటల బీమా పరిహారం, పెట్టుబడి రాయితీ ఇవన్నీ ఆ గరాటులో పడిన చుక్కల లెక్క మీద ఆధారపడతాయి. మండల కేంద్రంలో పడిన వాన పదిమైళ్ళ అవతలి చేనులో పడకపోవచ్చునన్నది రైతుల పాత అభ్యంతరం; ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది.

పంట పోయిన ఏళ్ళలో బెంగళూరు భవన నిర్మాణ పనులకూ, ఇతర జిల్లాల పంటకోతలకూ వలస పోవడం ఇక్కడి కుటుంబాలకు అలవాటైన మార్గం. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించడం యాదృచ్ఛికం కాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురానికి వచ్చి నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ ఆసుపత్రులు కళ్యాణదుర్గంలోనూ, కణేకల్లులోనూ ఉండడం వల్ల బెళుగుప్ప వైపు పల్లెలకు వైద్యం అందుబాటులోకి వచ్చింది.

జీడిపల్లి: కృష్ణమ్మ ఎక్కివచ్చిన మెట్టు

మండలంలో నేడు అందరికన్నా ముందుగా చెప్పుకునే గుర్తు జీడిపల్లి జలాశయం. కర్నూలు వైపు నందికొట్కూరు దాపున మాల్యాల వద్ద శ్రీశైలం వెనుక జలాలను ఎత్తి, వరుస పంపుకేంద్రాల ద్వారా అంచెలంచెలుగా పైకి తోస్తూ, సుమారు 216 కిలోమీటర్ల కాలువలో నడిపించి ఇక్కడికి చేరుస్తారు. ఇదే హంద్రీ-నీవా సుజల స్రవంతి తొలి దశ. రెండో దశ జీడిపల్లి నుంచే మొదలై దక్షిణంగా చిత్తూరు దాకా సాగుతుంది. మొత్తం పథకం లక్ష్యం 40 టీఎంసీల వరదనీటితో నాలుగు పాత జిల్లాల్లో ఆరు లక్షల ఎకరాలకు పైగా తడపడం. అందులో తొలి దశ వాటా 1.98 లక్షల ఎకరాలు.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, మెట్రిక్ లెక్కలో దాదాపు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. జీడిపల్లి సామర్థ్యం 1.686 టీఎంసీలు. తొలి దశ కాలువకు నిర్దేశించిన 3,850 క్యూసెక్కుల ప్రవాహం, అంటే సెకనుకు 3,850 ఘనపుటడుగుల నీరు, పూర్తిగా వచ్చి చేరితే ఖాళీ జలాశయం అయిదు రోజుల్లో నిండుతుంది. దీన్నిబట్టి జీడిపల్లి నీటిని ఏళ్ళ తరబడి దాచుకునే గాదె కాదనీ, వచ్చిన నీటిని ముందుకు పంచే మజిలీ అనీ అర్థమవుతుంది. 2012లో తొలి దశ పంపులు తిరగడం మొదలయ్యాక పెన్నా పరీవాహకంలోకి కృష్ణా నీరు వచ్చింది. ఇక్కడి నుంచి నీటిని పెన్నహోబిలం జలాశయానికి దించవచ్చు. నైరుతి దిక్కున వేదవతి నది మీది భైరవానితిప్ప ప్రాజెక్టుకూ, దారిలో 114 చెరువులకూ జీడిపల్లి నుంచే నీటిని ఎత్తిపోయాలన్న ప్రణాళిక, పేరూరు జలాశయానికి నీరివ్వాలన్న ప్రణాళిక ఈ మజిలీని ఆధారం చేసుకున్నవే.

ఈ గుర్తుకు మరో ముఖం కూడా ఉంది. జలాశయం పక్కనే ఉన్న జీడిపల్లి గ్రామంలో ఊటనీరు ఇళ్ళలోకి ఉబికి వచ్చి గోడలను నానబెట్టడంతో, తమకు వేరేచోట పునరావాసం కల్పించాలని ఊరివారు ఏళ్ళ తరబడి కోరుతూ వచ్చారు. చుట్టూ వందల అడుగుల బోర్లు వట్టిపోయే మండలంలో ఒక ఊరు నేల కింది నీటితో ఇబ్బంది పడడం, జలాశయ రూపకల్పనలో ఊరి లెక్క వేయకపోతే ఏమవుతుందో చూపుతుంది. ప్రధాన కాలువ వచ్చినంత వేగంగా పొలాలకు నీరు చేర్చే పిల్లకాలువలు రాకపోవడం మరో లోటు. కనుచూపు మేరలో నీరు నిలిచి ఉండగా చేను మాత్రం వాన మీదే ఆధారపడి ఉండడం ఇక్కడి రైతులు తరచూ లేవనెత్తే విషయం.

గాలిమరలు

పాత గుర్తులను చూడాలంటే ఊళ్ళోకి రావాలి. కొత్త గుర్తులు ఊరు రాకముందే కనిపిస్తాయి. బెళుగుప్ప, ఉరవకొండ, వజ్రకరూరు, కళ్యాణదుర్గం మండలాల గుట్టల మీద, మెట్ట చేల మధ్య తెల్లని స్తంభాలపై మూడేసి రెక్కలతో తిరిగే గాలిమరలు గత రెండు దశాబ్దాల్లో ఈ దిగంతాన్ని మార్చివేశాయి. ఉమ్మడి జిల్లాలో ఈ ప్రయోగానికి 1990ల్లో రామగిరి ప్రాంతం నాంది పలికింది. రాష్ట్రంలో ఉన్న 4,000 మెగావాట్లకు పైబడిన పవన విద్యుత్ సామర్థ్యంలో ఎక్కువ భాగం రాయలసీమలోనే ఉంది.

ఇక్కడే ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం కరువు కారణంలోనే దొరుకుతుంది. పడమటి కనుమల మీద తేమను వదిలేసిన నైరుతి గాలి, అడవులు, ఎత్తైన కొండలు అడ్డులేని ఈ పీఠభూమి మీదికి పొడిగా, బలంగా వీస్తుంది. గాలి నుంచి లభించే శక్తి దాని వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా రైతు మబ్బు కోసం చూసే నెలలే విద్యుత్తు ఎక్కువగా పుట్టే నెలలు. మబ్బును నిలవనీయక తరిమే గాలి అని రైతులు తిట్టుకునేదే కంపెనీలకు ఆదాయం. స్తంభానికి స్థలం అమ్మిన రైతుకు ఒకసారి డబ్బు వస్తుంది, కొందరికి కాపలా ఉద్యోగాలు దొరుకుతాయి, భారీ రెక్కలను మోసే వాహనాల కోసం మట్టిబాటలు వెడల్పవుతాయి. కానీ గాలి ఊరి ఉమ్మడి సంపద అన్న భావన గానీ, దాని మీద పంచాయతీకి శాశ్వత వాటా ఉండాలన్న నియమం గానీ ఇంకా స్థిరపడలేదు. చెరువు నీటికి వంతులు నిర్ణయించుకున్న ఊళ్ళకు గాలికి వంతు అడిగే హక్కు లేదనడం సబబు కాదు.

రాయవలసిన పుస్తకం

తెలుగువారికి ఊరి చరిత్ర రాసుకునే సంప్రదాయం లేదనడం పొరపాటు. పంతొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్ళలో సర్వేయరు కాలిన్ మెకంజీ, కావలి సోదరుల వంటి తెలుగు సహాయకులతో కలిసి దత్త మండలాల్లో ఊరూరి కరణాల చేత చెప్పించి సేకరించిన కైఫీయత్తులు సరిగ్గా అటువంటివే. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యాలున్నాయి, ఏ క్షామంలో ఊరు పాడైంది అన్న వివరాలు వాటిలో ఉంటాయి. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. 1905లో డబ్ల్యూ.ఫ్రాన్సిస్ కూర్చిన అనంతపురం జిల్లా గెజెటీరు పాలకుల అవసరానికి రాసినదైనా నేటికీ పనికొస్తోంది. ఆ తర్వాత నూరేళ్ళలో బోరు వచ్చింది, వేరుశనగ వచ్చింది, వలస వచ్చింది, కృష్ణా నీరు వచ్చింది, గాలిమర వచ్చింది. ఈ మార్పులను ఊరి స్థాయిలో నమోదు చేసిన పుస్తకాలు మాత్రం అరుదు.

ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఊరి చెరువు తూముల కొలతలు, మరవ చివరిసారి పారిన ఏడు, ఊరబావీ వాడబావీ రెండింటి చరిత్ర, పూడిపోయిన వంకల పేర్లు, పొలిమేర దేవతల గుళ్ళు, పీర్ల చావిడి వివరాలు, శిథిలమవుతున్న వీరగల్లులు అనే వీరుల స్మారక శిలలు, తహశీల్దారు కార్యాలయంలోని వాన పుస్తకాల నకళ్ళు, పిల్లకాలువ ఆగిపోయిన సర్వే నంబర్లు: ఇవన్నీ ఉన్నత పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయుల తోడుతో ఒక విద్యా సంవత్సరంలో సేకరించగలిగినవే. నీరుగట్టిగా పనిచేసినవారు, ఎద్దులతో కపిలబావి తోలి నీరు తోడినవారు ఇంకా కొందరు మిగిలి ఉండగానే వారి మాటలు రాసుకోవాలి. గ్రామసభలో చదివి తప్పులు దిద్ది, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయంలో, మరొకటి బడిలో ఉంచితే అది ఊరి రక్షణకు కూడా పనికొస్తుంది. చెరువు హద్దు ఎక్కడిదాకా ఉందో రాసిపెట్టిన ఊళ్ళో ఆక్రమణను ప్రశ్నించడం సులువు. బెళుగుప్ప మండలంలోని ఒక్క పంచాయతీ ఈ పనికి పూనుకున్నా మిగతావాటికి అది నమూనా అవుతుంది. వచ్చే గ్రామసభ ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చమని అడగడం ప్రతి ఊరివారూ చేయగలిగిన పని.